పన్నెండు మంది శతాధిపతులు

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో నేనొక మనిషి పరువు తీశాను. పొరపాటున కాదు, నోరు జారి కాదు. మూడు నెలలు ఆలోచించి, ఎదురుచూసి, కావాలని తీశాను. ఆయన పేరు చెన్నకేశవులు, ఆళ్లగడ్డలో భూములున్న పెద్దమనిషి. మా నాయన ఆనందరావు నంద్యాలలో నూనెమిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. వీళ్ళిద్దరి మధ్యా ఏం తగాదా ఉంటుందని అడుగుతారేమో. ట్యాంకుల తగాదా.

నవ్వకండి. నాయన పట్టాళంలో ట్యాంకు డ్రైవరు. అరవై ఐదు యుద్ధంలో సియాల్‌కోట్ వైపు చెరకు తోటల్లో సెంచూరియన్ అనే ట్యాంకు తోలాడు. చెన్నకేశవులేమో వయసులో ఉన్నప్పుడు లాయరు చదువుకని ఇంగ్లండు పోయి రెండేళ్ళుండి తిరిగొచ్చాడు. చదువైతే రాలేదు గానీ రెండు ట్రంకుపెట్టెల నిండా బొమ్మ ట్యాంకులు వచ్చాయి. అరచేతిలో పట్టే ట్యాంకులు, గోరంత సిపాయిలు, జీపులు, ఫిరంగులు. ఆ తర్వాత కూడా ఎవరెవరికో రాసి తెప్పించుకుంటూనే ఉన్నాడు.

పిల్లలాట కాదది. మేడమీద గదిలో రెండు మంచాలంత బల్ల. దాని నిండా ఇసుక, ఇసుకలో గుట్టలు, వంకలు, చెరకు తోటలకు బదులు గుచ్చిన చీపురు పుల్లలు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఊరి డాక్టరు, ప్లీడరు గురుస్వామి వచ్చి కూర్చుంటారు. నిజంగా జరిగిన యుద్ధాన్నే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మళ్ళీ నడుపుతారు, మిగతావాళ్ళు తీర్పులు చెప్తారు. స్కేలుతో కొలిచి బండి జరపాలి. పాచిక వేసి గుండు తగిలిందో లేదో తేల్చాలి. దానికొక రూల్సు పుస్తకం కూడా ఉంది, చెన్నకేశవులు సొంతంగా టైపు కొట్టించింది.

ఆయన ఒకసారి వేరుశనగ బుడ్డలు అమ్మడానికి మిల్లుకొచ్చి, గేటు దగ్గర నాయనతో మాట కలిపి, ట్యాంకు తోలినవాడని తెలిసి ఎగిరి గంతేశాడట. "ఆదివారం మా ఇంటికి రాప్పా" అన్నాడట. అప్పటి నుంచి రెండేళ్ళుగా నాయన ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే నాలుగు ముద్దలు తిని, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తొడుక్కుని ఆళ్లగడ్డ బస్సెక్కేవాడు. "ముసిలోనికి బొమ్మలాటలేందీ" అని మా అమ్మ దానమ్మ సణిగేది. నాయన వినిపించుకుంటే కదా!

నేను మిషన్ బడిలో పంతులమ్మను. ఆ ఏడు పరీక్షలు త్వరగా అయిపోయి, ఒక ఆదివారం పని లేక నాయన వెంట పోయాను. పోకుండా ఉంటే బాగుండేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

బల్ల చుట్టూ కుర్చీల్లో ముగ్గురూ కూర్చున్నారు. ముందు డాక్టరుకూ ప్లీడరుకూ ఒక చిన్న ఆట అయింది. డాక్టరు ట్యాంకును వేళ్ళతో ఎత్తి పెట్టాడు. ప్లీడరూ అంతే. తర్వాత నాయనకూ చెన్నకేశవులుకూ ఆట. చెన్నకేశవులు గోడకానించిన పొడుగాటి కట్టె తీసి, ఆ చివర తను పట్టుకుని ఈ చివర నాయనకందించాడు.

"కానీ డ్రైవర్!"

నాయన బల్లకు రెండు అడుగుల దూరంలో నిలబడి, ఆ కట్టె కొసతో ట్యాంకును ఇసుకలో మెల్లగా తోశాడు. మొదటి వంతుకు నాకర్థం కాలేదు. రెండో వంతుకు అర్థమైంది. ఆ గదిలో బొమ్మను చేత్తో ముట్టనిది మా నాయన ఒక్కడే.

ఇంకొకటి కూడా చూశాను. నాయనకిచ్చినవి ప్యాటన్లు, అంటే శత్రువుల ట్యాంకులు. చెరకు తోటల్లో సెంచూరియన్ తోలి వీపు కాల్చుకున్న మనిషి ప్యాటన్లు పట్టుకుని ఓడిపోవాలి. సెంచూరియన్లు మాత్రం చెన్నకేశవులువి.

ఉండబట్టలేక అడిగేశాను. "సార్, మా నాయన తోలింది సెంచూరియన్ గదా. ఆయనకు ప్యాటన్లెందుకిచ్చినారు?"

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "నా దగ్గర ఆరే ఉండాయి పాపా. మన దేశం వైపు ఎవరో ఒకరు నిలబడల్ల గదా!"

ఆ 'మన'లో మా నాయన లేడు. "మా నాయన సొంతంగా తెచ్చుకుంటే?" అన్నాను.

"తెచ్చుకోమను. ఆ పొద్దు నేనే ప్యాటన్లు తీసుకుంటా. గురుస్వామీ, నువ్వే సాక్షి."

ఆట అయిపోయింది, నాయన ఓడిపోయాడు. ఆ ఇంటి ఆటకొక ఆచారం ఉంది. ఓడినవాడు తన కమాండరు ట్యాంకును గెలిచినవాడి చేతిలో పెట్టి "గెలుపు నీదే" అనాలి. అది వారం రోజులు గెలిచినవాడి ఇంట్లో ఉండి, వచ్చే ఆదివారం తిరిగి రావాలి. ప్లీడరు డాక్టరుకట్లనే ఇచ్చాడు. నాయన మాత్రం "గెలుపు మీదే సార్" అని కట్టెతో తోశాడు.

బస్సులో నాయనను కిటికీ పక్కన కూర్చోబెట్టి అడిగాను. "నాయనా, అందరూ చేత్తో జరుపుతాండారు. నీకొక్కనికే కట్టెందుకు?"

"పట్టాళంలో గూడా అంతే పాపా. ఇసుక మీద మ్యాపు చేసి కట్టెతోనే చూపిస్తారు. ఆఫీసర్లు చేత్తో ముట్టరు."

"ఆడ ముట్టనిది ఆఫీసర్లు. ఈడ ఆఫీసర్లే ముట్టుతాండారు గదా!"

"గమ్మునుండు" అన్నాడు నాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

గమ్మునే ఉన్నాను. ఉండి ఒట్టు పెట్టుకున్నాను. ఆ మనిషి ఓడిపోవాలి. ఓడి, తన ట్యాంకు తన చేత్తో తెచ్చి, నలుగురి ముందర మా నాయన అరచేతిలో పెట్టాలి. అది చూసేదాకా నాకు నిద్ర లేదు అనుకున్నాను.

బొమ్మలు యాడ దొరుకుతాయి? నంద్యాలలో రబ్బరు బాతులు తప్ప ఏమీ దొరకవు. మా ఆడపిల్లల హాస్టలు చూసుకుని, ముసలితనానికి ఇంగ్లండు వెళ్ళిపోయిన మిస్సమ్మ ఒకామె ఉండేది. తెలుగు మనకంటే శుద్ధంగా రాసేది. ఆమెకు ఉత్తరం రాశాను, తెలుగులోనే.

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. మా ఇంట్లో సెంచూరియన్ అనే మాట ఎవరికీ నోరు తిరగదు. నాయన సెలవు మీద వచ్చినప్పుడు పాదిరిగారు ఆ మాటకు తెలుగులో శతాధిపతి అని చెప్పారట, నూరుమంది సిపాయిల మీద అధికారి. ఆదివారం బడిలో పిల్లలకు చెప్పే శతాధిపతి కథ ఉంది కదా, ఆ మాటే. ఇక ఆ రోజు నుంచి నాయనకు తన ట్యాంకు 'మా శతాధిపతి'. "మా శతాధిపతికి పెట్రోలు తాగించి పడుకోబెడితిమి" అనేవాడు. చిన్నప్పటి నుంచి వింటున్నాను కాబట్టి నా చెయ్యి అదే రాసింది: మా నాయన ఆటకు పన్నెండు మంది శతాధిపతుల బొమ్మలు కావాలి, అంగుళం ఎత్తు మించకూడదు, అడుగున ఇంగ్లీషులో పేరు ఉండాలి.

పేరు ఎందుకు అడిగానంటే, చెన్నకేశవులు దగ్గర లారీ బొమ్మలు చాలక అగ్గిపెట్టెలకు 'లారీ' అని కాగితం అంటించి నడుపుతున్నాడు. బొమ్మ అడుగున పేరుంటే చాలని ఆయన పుస్తకంలో రూలు. మాకు పేరుంటే ఆయన కాదనలేడని నా ముందుజాగ్రత్త. ఇంత జాగ్రత్తపరురాలిని, 'మంది' అని రాసేటప్పుడు మాత్రం నా బుర్ర ఏ గడ్డి మేసిందో!

ఏప్రిల్ గడిచి, మే నెల సగంలో పార్సిలు వచ్చింది. దూది తీసి చూస్తే ఎర్ర దుప్పటి కప్పుకుని, తల మీద కుచ్చుటోపీ పెట్టుకుని, చేతిలో పొట్టి కత్తి పట్టుకున్న రోమా సిపాయిలు. ఒకడు కాదు, పన్నెండు మంది. మీ నాయన పిల్లలకు శతాధిపతి కథ బొమ్మలతో చెబుతున్నందుకు ఎంతో సంతోషమని మిస్సమ్మ ఉత్తరం.

పెట్టె విసిరికొట్టాను. ఏడ్చాను. మిస్సమ్మను తిట్టి, నన్ను నేను తిట్టుకుని, చివరికి చెన్నకేశవులును తిట్టాను. అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

నాయన మాత్రం నేల మీద దొర్లిన ఒక బొమ్మను తీసి, తిరగేసి, కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కున్నాడు. "సెం... చూ... రి... యన్. పేరుండాది గదా పాపా. ఏడుస్తావెందుకు?"

"పేరుంటే? కత్తి పట్టుకున్నోడు ట్యాంకెట్లయితాడు నాయనా!"

నాయన నిప్పులు చెరిగే ఎండలో పెరట్లోకి పోయాడు. మట్టిలో వేలితో అంగుళం లోతున ఒక వంక గీసి, అందులో ఆ బొమ్మను నిలబెట్టాడు. పక్కనే ట్యాంకంత ఇటుకముక్క పెట్టాడు. తర్వాత యాభై దాటిన మనిషి బోర్లా పడుకుని, చెంప నేలకానించి ఒక కన్ను మూశాడు.

"బేగా రా పాపా. ఇట్ల పండుకో. ఏం కనపడతాండాది?"

పడుకుని చూశాను. వంక గట్టు పైకి ఇటుకముక్క తల బాగా కనపడుతోంది. సిపాయి లేడు. కుచ్చుటోపీ కొస కూడా లేదు.

"కనపడకపోతే కాల్చకూడదు" అన్నాడు నాయన. "అది సార్ పుస్తకంలోనిదే." మట్టి అంటిన మొహంతో ఆయన నవ్వుతుంటే పట్టాళం ఫోటోలో కుర్రవాడు కనపడ్డాడు. రెండు వారాలు ఆ పెరడంతా వంకలు గీశాడు. అమ్మ కల్లాపి చల్లడానికి చోటు లేకుండా పోయింది.

జూన్ మొదటి ఆదివారం మేం పెట్టె తెరిచి బల్ల మీద పన్నెండు మందినీ వరసగా నిలబెట్టాం. డాక్టరు ఫక్కున నవ్వాడు. చెన్నకేశవులు కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "ఏందప్పా ఆనందరావ్! కత్తులతో పొడుస్తారా ట్యాంకులను?"

"మూడో రూలు చదవండి సార్" అని ప్లీడరుకు పుస్తకం అందించాను.

గురుస్వామి కోర్టు గొంతుతో చదివాడు. "బొమ్మ రూపంతో పని లేదు. అడుగున ఏ పేరుంటే బల్ల మీద అదే బండి. నీ అగ్గిపెట్టెలు లారీలయితే ఇవి ట్యాంకులే కేశవులూ. ప్యాటన్లు నువ్వు తీసుకోవల్ల, నేను సాక్షి."

"సరే కానీలే. నవ్వుకోనీకన్నా పనికొస్తాయి" అని ఆయన ప్యాటన్లు తీసి సర్దుకున్నాడు.

బొమ్మలు నాయనవి కాబట్టి కట్టెతో పని లేదు. మొదటిసారి నాయన బల్ల అంచుకు వచ్చి నిలబడ్డాడు. ముగ్గురు శతాధిపతులను నేరుగా మైదానంలోకి పంపాడు. ప్యాటన్లు కాల్చి పారేశాయి. చెన్నకేశవులు తొడ చరిచాడు. ఆ సందట్లో మిగతా తొమ్మిది మంది ఒక్కొక్కరే వంకలోకి దిగారు.

చెన్నకేశవులు మోకాళ్ళ మీద కూర్చుని బల్ల మట్టానికి కన్ను ఆనించాడు. "యాడికి పోయినారు వీళ్ళు?"

"కనపడకపోతే కాల్చకూడదు. నీ రూలే" అన్నాడు డాక్టరు. ఆయనకు ఆట రుచి పట్టింది.

వంతుకు పది అంగుళాలు. నాయన పెదవులు కదులుతున్నాయి, వెనక సీట్లో ఉన్న ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. అయిదో వంతుకు తొమ్మిది మందీ చీపురు పుల్లల చెరకు తోట పక్కన, ప్యాటన్ల డొక్కకు నాలుగు అంగుళాల దూరంలో గట్టెక్కారు. నాలుగు అంగుళాల లోపలయితే పాచిక కూడా వేయనక్కర్లేదు. నాయన వేలితో చూపించిన ప్రతి ప్యాటన్నూ డాక్టరు ఎత్తి పక్కన పెట్టాడు. చివరికి కమాండరు ట్యాంకు ఒక్కటే మిగిలింది. అదీ పోయింది.

"భలే తోలినావ్ డ్రైవర్!" అన్నాడు చెన్నకేశవులు. మనస్ఫూర్తిగానే అన్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కమాండరు ప్యాటన్ను బల్ల అంచున పెట్టి వేలి కొసతో ఇటు తోశాడు. "తీసుకోప్పా."

నాయన చెయ్యి చాచాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆయనకు అంతే చాలు. నాకు చాలలేదు.

"చేతికియ్యండి సార్" అన్నాను.

"ఏందీ?"

"గెలిచినోని చేతిలో పెట్టి గెలుపు నీదే అనల్ల గదా. మీ ఆచారమే."

"లూదియా!" అన్నాడు నాయన. నేను ఆయన వైపు చూడలేదు.

ప్లీడరు తలొంచుకుని కాళ్ళ వైపు చూసుకున్నాడు. కట్టె ఎందుకో ఆయనకు తెలుసు. డాక్టరు పొరుగు జిల్లా మనిషి, ఏమీ తెలియక నవ్వుతూ అన్నాడు. "నిజమే గదప్పా, మాకందరికీ చేతిలోనే పెట్టినావు."

చెన్నకేశవులు ట్యాంకును ఎత్తాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి మా నాయన అరచేతిలో పెట్టాడు. వేళ్ళు తగిలాయి, నేను కళ్ళారా చూశాను. "గెలుపు నీదే" అన్నాడు.

తర్వాత వరండాలోకి పోయాడు. అక్కడ నీళ్ళ గంగాళం ఉంది. చెంబు మునిగిన శబ్దం వినపడింది. నీళ్ళు పడ్డాయి. మళ్ళీ చెంబు మునిగింది. మూడోసారి కూడా మునిగింది.

ఇసుక అంటి కడుక్కున్నాడంటారా? ఆ గదిలో అందరి చేతులకూ ఇసుకే.

ఆయన తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి, "కాఫీ తెమ్మందునా?" అన్నాడు. డాక్టరు మొహంలో నవ్వు లేదు. ఆస్పత్రిలో పనుందని లేచాడు. ప్లీడరు ఏమీ అనకుండా చెప్పులు వెతుక్కున్నాడు.

బస్సులో నా సంతోషం అంతా ఇంతా కాదు. నేను కోరింది చేతిలో పెట్టడం, దొరికింది అంతకంటే ఎక్కువ. కట్టె మాటున రెండేళ్ళు దాచుకున్నది అందరి ముందరా బయటపడింది. నాయన ఆ ట్యాంకును చేతిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు దిగేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. గెలిచిన అలసట అనుకున్నాను, అంత గుడ్డిదాన్ని.

గురుస్వామి ఊరుకుంటాడా? వారంలో కోర్టంతా తెలిసింది. చెన్నకేశవులు దావా పని మీద పోతే వెనక నుంచి ఎవరో "ఒరేయ్, సారుకు చేతులకు నీళ్ళు తేరా" అన్నారట. టీ కొట్టు దగ్గరా అదే మాట. డాక్టరు ఆ ఇంటి మెట్లెక్కడం మానేశాడు. ఈ సంగతి మా బడి అటెండరు చెప్పిన రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తరువాతి ఆదివారం నాయన ఖాకీ చొక్కా తొడుక్కుని, ట్యాంకు తిరిగివ్వడానికి ఆళ్లగడ్డ పోయాడు. సాయంత్రం రావలసిన మనిషి మూడు గంటలకే వచ్చేశాడు. చెన్నకేశవులు భార్య రామేశ్వరమ్మ వాకిట్లోనే ఆపిందట. "అరుగు మీద పెట్టిపో ఆనందరావ్. మేడ గదికి తాళమేసినాడు. ఇంగ ఆటల్లేవు, రావద్దు" అందట. ఆమె కోపంగా కూడా అనలేదట.

నాయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించి గడప మీద కూర్చున్నాడు. నేను పెరట్లో ఇసుక పోసి, గుట్ట చేసి, వంక గీసి, పన్నెండు మందిని నిలబెట్టాను. ఇటుకముక్కలు ఏరుకొచ్చి, "నేను ప్యాటన్లు తీసుకుంటా, రా నాయనా" అన్నాను.

ఆయన లేవలేదు. "నీతో నాకు యుద్ధమేందీ పాపా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "ఆ కట్టెతో తోసుకుంటా అట్లనే బతుకుతావా? ఎందుకిచ్చినాడో నీకు తెల్దు."

"తెల్దనుకున్యావా? మొదటి వారమే తెలిసె."

"మల్ల ఎందుకు పోయినావు?"

"ఆ బల్ల కాడ నన్ను డ్రైవరనిరి. ఈడ మిల్లు కాడ గేటోడా అంటారు."

"నలుగురి ముందర నీ చేతికిచ్చినాడు గదా నాయనా!"

"ఇచ్చె. కడుక్కునె." నాయన తన అరచెయ్యి చూసుకున్నాడు. "కట్టె ఉన్నన్నాళ్ళూ ఆ నీళ్ళ సప్పుడు నేనినలేదు పాపా."

"తప్పు ఆయనది" అన్నాను.

"ఆయనదే. ఆదివారం నాది."

చెన్నకేశవులు మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. పోనివ్వను కూడా. ఆ చెంబు శబ్దం గుర్తొస్తే ఇప్పుడైనా ఆ ఇంటి ముందుకు పోయి నాలుగు అడగాలనిపిస్తుంది. కానీ ఆ రోజు పన్నెండు మందినీ ఇసుకలోంచి ఏరి మళ్ళీ దూదిలో చుట్టి పెట్టాను.

మరుసటి రోజు నాయన మిల్లు మేనేజరు దగ్గరికి పోయి, ఆదివారం డ్యూటీ కూడా తనకే వేయమని అడిగి వేయించుకున్నాడు.